డక్కీ మీద రెండు దెబ్బలు

పైడిరాజుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఏడో నెలలో మళ్ళీ మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట "దయచేసి".

"దయచేసి కొంచెం మంచినీళ్ళు ఇప్పించండి" అన్నాడతను. పెదవులు కదలలేదు. మాట మెడ దగ్గర కట్టిన బిళ్ళలోంచి వచ్చింది. గొంతు మాత్రం అచ్చంగా అతనిదే. పక్కన నిలబడ్డ భార్య నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆనందం పట్టలేక ఏడుస్తోందనుకుని ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. పరంజ్యోతి కూడా కొట్టాడు. అది ఆనందం కాదని ఆయనకు నాలుగు రోజుల తరవాత గాని తెలియలేదు.

ఆ ప్రయోగశాల విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఒక కొండ మీద ఉంది. పరంజ్యోతి అక్కడ పదకొండేళ్ళుగా ఒకే వస్తువు మీద పనిచేస్తున్నాడు. మాట పోయినవాళ్ళకు మాట అందించే బిళ్ళ అది. పాత రూపాయి నాణెమంత ఉంటుంది. తాయెత్తులా నల్లదారంతో మెడకు కట్టుకోవాలి. చెవి పైన కట్టే సన్నటి పట్టీ ఒకటి మనిషి తలలో పుట్టిన మాటను పసిగట్టి బిళ్ళకు చేరవేస్తుంది. బిళ్ళ ఆ మాటను వెతికి పట్టుకుని, ఆ మనిషి సొంత గొంతుతో పలుకుతుంది.

పసిగట్టే పని, పలికించే పని ఎవరెవరో ఎప్పుడో సాధించారు. పరంజ్యోతి తలనొప్పంతా నడిమి పని గురించే. వెతకడం గురించి.

ఒక్కో మాటకు వేల అచ్చులు కావాలి. "రా" అనే ఒక్క అక్షరాన్నే కోపంగా ఒకలా, ముద్దుగా ఒకలా, నిద్రమత్తులో ఒకలా అంటాం. అవన్నీ బిళ్ళ లోపల ఉల్లిపొర కన్నా పలచటి స్ఫటికపు పొరల్లో నిలవ ఉంటాయి. పొర చల్లగా ఉన్నంతసేపు అందులో ఏముందో చదవలేం. వెచ్చబడాలి. వెచ్చబడడానికి సెకనుంబావు పడుతుంది. ఒకసారి వెచ్చబడితే ఇక ఆ పొరలోని మాటలన్నీ జలజలా రాలతాయి. అన్ని పొరలనూ ఎప్పుడూ వెచ్చగానే ఉంచితే గొడవే లేదు గాని, మెడ కాలిపోతుంది. మనిషి చర్మం ఓర్చుకోగలిగింది ఆరువందల మాటల వెచ్చదనం. మిగిలిన నలభై వేల మాటలూ చల్లటి పొరల్లో పడి ఉండాల్సిందే.

ఇదంతా నూకరత్నానికి ఎలా చెప్పాలో తెలియక పరంజ్యోతి వంటింటి భాషలోకి దిగాడు. పొయ్యి పక్కన పోపులపెట్టె ఉంటుంది, చెయ్యి చాపితే ఆవాలు అందుతాయి. పెద్ద గంగాళాలు అటక మీద ఉంటాయి, నిచ్చెన వేస్తే గాని అందవు. నిచ్చెన ఎక్కాక ఒక గంగాళమైనా పదైనా గబగబా దింపేయొచ్చు, కాని ఆ నిచ్చెన వేసే సమయాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు. ఆమె వెంటనే పట్టుకుంది.

"మరి పోపులపెట్టిలో ఏటేటి ఉండాలో ఎవుల్సెప్తారు బాబూ?"

మీరే చెప్పాలన్నాడాయన. మీ ఆయన ఎక్కువగా వాడే మాటలు ఆరువందలు రాసి తెమ్మన్నాడు.

నూకరత్నం రెండు రోజులు కూర్చుని, తమ్ముడు అప్పలస్వామి చేత లెక్కల పుస్తకంలో రాయించి తెచ్చింది. వాళ్ళు ముగ్గురూ చోడవరం బుర్రకథ దళం. నడుమ నిలబడి తంబుర మీటుతూ కథ చెప్పేది నూకరత్నం. కుడిపక్క డక్కీ పట్టుకుని రాజకీయం మాట్లాడే వంత అప్పలస్వామి. ఎడమపక్క ఇంకో డక్కీతో హాస్యం వంత పైడిరాజు. ముప్పై ఏళ్ళుగా ఆ వరస మారలేదు. పైడిరాజు పడిపోయాక ఎడమపక్కకు ఎవరినో ఒకర్ని తెచ్చుకోమని ఊళ్ళో వాళ్ళు చెప్పారు. ఆమె తంబురకు గుడ్డ చుట్టి గూట్లో పెట్టేసింది. వచ్చే నెల చోడవరం గ్రంథాలయం పండగకు కథ చెప్పమని పిలుపు వచ్చింది. పైడిరాజు పక్కన నిలబడితే చెబుతాను, లేకపోతే తంబురను ఆ గ్రంథాలయానికే ఇచ్చేస్తాను, అద్దాల బీరువాలో పెట్టుకోండి అని వాళ్ళకు కబురు పంపింది. పైడిరాజు ఆ కబురు విన్న రోజు నుంచి ఎడమచేతి వేళ్ళతో మంచం పట్టె మీద దరువు వేసుకుంటున్నాడు. కుడిచెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

నాలుగు రోజుల తరవాత, బిళ్ళ ఇంట్లో ఎలా పనిచేస్తోందో చూద్దామని పరంజ్యోతి చోడవరం వెళ్ళాడు. చక్కెర ఫ్యాక్టరీ వీధిలో పెంకుటిల్లు. బెల్లప్పాకం వాసన ఇంటి గోడలకు కూడా పట్టి ఉంది. పైడిరాజు అరుగు మీదే ఎదురొచ్చి, "నమస్కారమండి. దయచేసి లోపలికి రండి. కూర్చోండి" అన్నాడు. ఒక్క మాట కూడా తడబడలేదు. పరంజ్యోతికి పొంగిపోవాలనిపించింది. నూకరత్నం మొహం చూసి ఆగాడు.

ఆమె కాఫీ ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని, చాలాసేపు ఏవేవో చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"ముప్పయ్యేళ్ళ కాపరంలో నన్నెప్పుడూ దయచేసి అన్లేదు బాబూ. మొన్న పొద్దున్న లెగిసి, దయచేసి కాఫీ ఇప్పించండీ అన్నాడు. ఎవరో సుట్టపాయన మా ఇంట్లో దిగినట్టుంది."

అప్పలస్వామి కిసుక్కున నవ్వాడు. సంగతి అతను బయటపెట్టాడు. పుస్తకంలో మాటలు రాస్తున్నప్పుడు బావ రోజూ అనే అసలు మాటలు తను రాయబోతే అప్ప నూకరత్నం తొడ మీద గిల్లిందట. పెద్ద పెద్ద డాక్టర్లు చదివే పుస్తకంలో తిట్లు రాస్తావేంరా, మన పరువేం కాను అందిట. అందుకని రేడియోలో వార్తలు చదివేవాళ్ళ మాటలన్నీ ఏరి రాశారు. దయచేసి, కృతజ్ఞతలు, అవశ్యం. పైడిరాజు జన్మలో వాడని మాటలు పోపులపెట్టెలో కూర్చున్నాయి. వాడేవన్నీ అటకెక్కాయి.

పరంజ్యోతికి నవ్వొచ్చింది. ఇది చిటికెలో సరిచేయొచ్చనుకున్నాడు. మీ ఆయన మిమ్మల్ని ఏమని పిలుస్తాడో చెప్పండి, ఇప్పుడే మారుస్తానన్నాడు. నూకరత్నం తల దించుకుని కాలి బొటనవేలి వంక చూసింది. తమ్ముడే అందుకున్నాడు.

"ఒక పేరుంటే గదా బాబూ రాయడానికి? ఒక్రోజు డబ్బారేకంటాడు. మర్నాడు తిరగలంటాడు. ఓపాలి చెరుకు గానుగన్నాడు. నిన్న అన్నది ఇయ్యాల అనడు. కొత్తదేదో ఎతుక్కుని తెస్తాడు. జనం దానికే గదా మా కథకొచ్చీవోరు."

పరంజ్యోతి చేతిలో కలం ఆగిపోయింది. నిన్నటి మాట ఇవాళ అనని మనిషికి ఏ ఆరువందల మాటలు రాసిపెట్టగలం?

పైడిరాజు ఏదో అనబోయాడు. కళ్ళలో కొంటెతనం మెరిసింది. సెకనుంబావు గడిచింది. "తలుపుగొళ్ళెం" అంది బిళ్ళ. అప్పటికి నూకరత్నం ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆ మాట పిలవని పేరంటంలా అరుగు మీద అలా ఉండిపోయింది. పైడిరాజు కళ్ళలో మెరుపు ఆరిపోవడం పరంజ్యోతి ఒక్కడే చూశాడు.

అప్పుడే ఫ్యాక్టరీ సైరను మోగింది. నూకరత్నం "ఆ గ్రంథాలయం పెసిడెంటు గారు" అంటున్నదల్లా టక్కున ఆగి కాఫీ గ్లాసులు తీసింది. అప్పలస్వామి చెవిలో వేలు పెట్టుకున్నాడు. ఎదురింటామె బియ్యం చేట కింద పెట్టి కాలు గోక్కుంది. నిమిషం పాటు వీధి వీధంతా మాట లేకుండా ఏదో ఒక చిన్న పని చేసుకుంది. సైరను ఆగగానే నూకరత్నం "ఆ గ్రంథాలయం పెసిడెంటు గారు మొన్న మళ్ళీ మనిషిని పంపారు" అని ఆగిన చోటి నుంచే అందుకుంది. మధ్యలో ఏమీ జరగనట్టే. పరంజ్యోతికి అది తమాషాగా అనిపించింది. దారిలో బస్సులో తలుచుకుని మరీ నవ్వుకున్నాడు.

ప్రయోగశాలకు తిరిగొచ్చాక ఆయన డాక్టర్ మెహరున్నీసాతో మాట్లాడాడు. అందరూ ఆమెను మెహర్ అంటారు. పట్టీ సంగతులు ఆమె చూసుకుంటుంది. పైడిరాజుకు పోపులపెట్టె పనికిరాదని, ఇక ముందూహే మార్గమని ఇద్దరూ అనుకున్నారు.

ముందూహ పరంజ్యోతి పదకొండేళ్ళ కష్టం. మనిషి మాట్లాడుతున్న తీరు చూసి, తరవాత ఏ మాట రాబోతుందో బిళ్ళే ఊహించి, ఆ పొరను ముందే వెచ్చబెట్టి ఉంచుతుంది. అడగకముందే అటక మీంచి గంగాళం దింపి పెట్టినట్టు. పదింట తొమ్మిదిసార్లు ఊహ సరిపోతుంది. సరిపోయిందంటే ఆలస్యమన్నదే ఉండదు. నెలాఖరుకు నిపుణుల సంఘం వచ్చి చూడబోయేది దాన్నే.

ముందూహ పెట్టిన రోజు నూకరత్నం, అప్పలస్వామి కూడా వచ్చారు. పైడిరాజు మాటలు నదిలా సాగాయి. ఇడ్లీ సంగతి, బస్సు సంగతి, మోకాలి నొప్పి సంగతి గడగడా చెప్పాడు. నూకరత్నం మొహం ఏడు నెలల తరవాత విప్పారింది. మెహర్ తెర మీద ఆలస్యం గీత నేలబారుగా పడుకుని ఉంది.

సరదా పుట్టి నూకరత్నం కథ ధోరణిలోకి వెళ్ళింది. వాళ్ళు సొంతంగా కట్టుకున్న శారద ఏటి వరద కథలో మాట అది. తంబుర లేకపోయినా చెయ్యి మీటుతున్నట్టు పెట్టి, ఊరి పెద్ద ఎలాంటివాడు నాయనా అని అడిగింది. ఆ చోట పైడిరాజు ప్రతిసారీ కొత్త మాట అంటాడు. జనం కడుపు పట్టుకుంటారు.

"చాలా మంచివాడు" అంది బిళ్ళ, ఆమె నోరు మూసేలోపే.

నూకరత్నం మళ్ళీ అడిగింది. పైడిరాజు నుదురు ముడిపడింది. "చాలా మంచివాడండి, అందరికీ సాయం చేస్తాడు" అంది బిళ్ళ.

తలలో పుట్టే మాట మసకగానే పుడుతుంది. దానికి కాస్త దగ్గరగా, వెచ్చగా, సిద్ధంగా ఉన్న మాట ఏదుంటే అది ముందు దూకేస్తోంది. పైడిరాజు వెతుక్కుంటున్న చల్లటి మాట ఎక్కడో అడుగు పొరలోనే ఉండిపోతోంది. గీత మాత్రం నేలబారుగానే ఉంది. మెహర్ దాన్ని చూసి, పైడిరాజును చూసి, తెర ఆపేసింది.

పైడిరాజు ఎడమచేత్తో మెడ వెనక ముడి విప్పుకున్నాడు. బిళ్ళను తీసి బల్ల మీద మెల్లిగా పెట్టాడు. ఈ ఏడు నెలలూ వాడిన పలక తీసుకుని, ఎడమచేతి వంకర అక్షరాలతో రాసి పరంజ్యోతి వైపు తిప్పాడు. "బిళ్ళ మాటాడతంది. నానింటన్నాను." ఆయన చదివాక పలక వెనక్కి తీసుకుని, కింద ఇంకో ముక్క చేర్చాడు. "మంచోడే పాపం."

అప్పలస్వామి నవ్వాడు. వెళ్ళేముందు నూకరత్నం, పోన్లెండి బాబూ, మంచినీళ్ళు అడగ్గలుగుతున్నాడు, అదే మాకు పదివేలు అంది. ఆ మాట ఆయన్ని ఓదార్చడానికే అందని పరంజ్యోతికి తెలుసు. గ్రంథాలయం పండగకు ఇంక పద్నాలుగు రోజులే ఉంది.

మర్నాడు ఆదివారం. పరంజ్యోతి చర్చి నుంచి వచ్చి ఉప్మా చేసుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. భార్య సుగుణ పోయి ఆరేళ్ళయింది. వంటింట్లో ఏ వస్తువూ ఆయన జరపలేదు. పోపులపెట్టె పొయ్యికి కుడిపక్కనే ఉంది. ఇంగువ డబ్బా మూత కింద ఆమె పెట్టిన కాగితం ముక్క ఇప్పటికీ ఉంది. ఆవాలు చిటపటలాడుతుంటే ఆయనకు పైడిరాజు గుర్తొచ్చాడు. పైడిరాజు గొంతు కోసం నూకరత్నం ఇచ్చిన పాత కథల క్యాసెట్లు, ముందు రోజు ఇంటికి తెచ్చుకున్నవి, గుర్తొచ్చాయి.

ఆ క్యాసెట్లను ఆయన ఎన్నోసార్లు విన్నాడు. కాని విన్నది శుభ్రం చేసిన ప్రతులు. మనిషి గొంతు తప్ప మిగిలిన రొద అంతా యంత్రం తీసేసినవి. తంబుర, గజ్జెలు, డక్కీలు, జనం దగ్గులు, పిల్లల ఏడుపులు, అన్నీ పోయి మాటలు మాత్రమే మిగిలిన ప్రతులు. బిళ్ళకు చదువు చెప్పింది వాటితోనే. అసలు క్యాసెట్టును ఆయన ఒక్కసారి కూడా వినలేదు. సుగుణ పాటలు వినే పాత టేపు రికార్డరు అటక మీద ఉంది. నిచ్చెన వేసి దింపి, దుమ్ము తుడిచి, ఉప్మా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మీట నొక్కాడు. పాడవలేదు. తిరిగింది. ఆదివారం పొద్దున్న అదొక భాగ్యం.

ఏదో ఊళ్ళో సంత పక్కన చెప్పిన కథ. నూకరత్నం గొంతు ముప్పై ఏళ్ళు చిన్నది. ఊరి పెద్ద ఎలాంటివాడు నాయనా అని అడిగింది. డబ్, డబ్. డక్కీ మీద రెండు దెబ్బలు. అప్పుడు పైడిరాజు, "తడిసిన టపాకాయండీ. సురసురలాడతాడు, పేలడు" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

పరంజ్యోతి చెంచా ఆగింది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. ఇంకో హాస్యం విన్నాడు. ఇంకోటి. ప్రతి కొత్త మాటకూ ముందు ఆ రెండు దెబ్బలు ఉన్నాయి. అందరూ అనే మామూలు మాటకు లేవు. తందాన తానకు లేవు. చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. మొదటి దెబ్బ నుంచి మాట దాకా ఒకటిన్నర సెకను. ఒక్కోసారి రెండు.

తమాషా ఏమిటంటే, జనం మాట కోసం ఆగడం లేదు. రెండో దెబ్బకే అక్కడక్కడ కిచకిచలు మొదలవుతున్నాయి. ఏదో వస్తోందని వాళ్ళకు తెలుసు. ఆ ఖాళీలో నవ్వు ఊరుతోంది. ఆ మనిషి కూడా ముప్పై ఏళ్ళుగా అటక ఎక్కుతూనే ఉన్నాడు. కొత్త మాట ఎవరికైనా అటక మీదే ఉంటుంది. అతను నిచ్చెన వేసే చప్పుడును దరువు చేసుకున్నాడు, అంతే. మేమేమో దాన్ని రొద అనుకుని తీసి పారేశాం.

చోడవరం వీధి గుర్తొచ్చింది ఆయనకు. సైరను మోగుతుంటే గ్లాసులు తీసుకున్న నూకరత్నం, చేట కింద పెట్టిన ఎదురింటామె. ఆ నిమిషం ఎవరికీ బరువు కాలేదు. చేతికి ఏదో పని ఉంది కనుక.

ఉప్మా చల్లారిపోయింది. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, గరిటె కడుగుతూ, గిన్నె అంచు మీద ఊరికే ఒకసారి తట్టాడు. ఠంగుమంది. ఆ చప్పుడుకి ఆయన అలాగే నిలబడిపోయాడు. సుగుణ ఏదైనా గట్టి మాట చెప్పబోయే ముందు గరిటెను గిన్నె అంచుకు తట్టేది. ఇరవై ఏడేళ్ళు విన్నాడు. గరిటెకంటిన పులుసు దులుపుతోందనుకున్నాడు. "ఏమండీ, ఒకటి చెప్తాను" అనే మాట ఆ చప్పుడు వెనకే వచ్చేదని ఇప్పుడు తట్టింది. గిన్నెను ఇంకోసారి తట్టి చూసుకున్నాడు. ఎందుకో మనసు తేలికపడింది.

సోమవారం మెహర్‌కు అంతా చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు. క్యాసెట్టు విన్నాక, పట్టీ పాత నమోదులు తీసి చూసింది. పైడిరాజు తన సొంత మాట కోసం వెతుక్కున్న ప్రతిసారీ, ఆ మాట కన్నా ముందు దెబ్బ వేయడానికి చెయ్యి లేపాలన్న ఆలోచన తలలో చిన్న అలలా లేస్తూనే ఉంది. అది కూడా రొదే అనుకుని ఆమె యంత్రం కొట్టేసింది.

పని పెద్దదేం కాలేదు. ఆ అల లేవగానే ముందూహ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. వెచ్చటి పొరలేవీ దూకవు. బిళ్ళ తొందరపడకుండా, మసకగా ఉన్న ఆ మాట తేటపడేదాకా ఆగి, ఆ మాట ఉన్న చల్లటి పొరనే వెచ్చబెడుతుంది. సెకనుంబావు. అది పూర్తయ్యేలోగా రెండు దెబ్బలు పడిపోతాయి. అల లేనప్పుడు ముందూహ ఎప్పటిలా మంచినీళ్ళూ కాఫీలూ అందిస్తూ ఉంటుంది.

పైడిరాజు చేతికి ఏడు నెలల తరవాత డక్కీ ఇచ్చారు. కుడిచెయ్యి దాన్ని ఒళ్ళో అదిమి పట్టుకోగలిగింది, అంతవరకే. దెబ్బ ఎడమచేత్తో వేయాలి. ముప్పై ఏళ్ళు కుడిచేత్తో వేసిన దెబ్బ. మొదటి రోజు చర్మం మీద కాకుండా అంచు మీద పడింది. రెండో రోజు ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఒక మనిషి నడిచి వెళ్ళేంత సందు వచ్చింది. నూకరత్నం పక్కన కూర్చుని తిట్టింది. ఆరో రోజున అవి కుదురుకున్నాయి.

నివేదిక రాసేటప్పుడు మెహర్ మళ్ళీ లెక్కలు చూసింది. ముందూహ మధ్యమధ్య ఆగిపోవడం వల్ల సగటు వేగం బాగా పడిపోయింది. నేలబారుగా ఉన్న గీతలో ఇప్పుడు పళ్ళూడిన నోరులా ఎత్తుపల్లాలు. సంఘం వాళ్ళు దీన్ని వెనకడుగు అంటారేమో సార్ అంది. అంటే అననీ అన్నాడు పరంజ్యోతి. పదకొండేళ్ళ కష్టాన్ని కాసేపు నోరు మూసుకోమన్నందుకు ఆయనకు బాధ కలగాలి నిజానికి. కలిగింది కూడా, కొద్దిగా. పంటిలో ఇరుక్కున్న పోకచెక్క పలుకంత.

"పైడిరాజు గారికి డక్కీ ఉంది, సరే. డక్కీ లేనివాళ్ళ సంగతేమిటి సార్?" అని అడిగింది మెహర్.

"అందరికీ ఏదో ఒకటి ఉంటుందమ్మా. ఒకరు కళ్ళజోడు సర్దుకుంటారు. ఒకరు గరిటె తడతారు. మనం కూర్చుని వెతకాలి. ఇంటికి వెళ్ళి చూడాలి."

ఆమె ఆయన వంక ఒక క్షణం చూసి, నివేదికలో ఆ వాక్యం కూడా రాసింది.

గ్రంథాలయం పండగ శనివారం సాయంత్రం. ఇంకా వెలుతురు ఉండగానే మైదానం నిండింది. చెరుకు బళ్ళు దూరంగా నిలిపి, బళ్ళ మీదే కూర్చున్నవాళ్ళు కొందరు. పరంజ్యోతి, మెహర్ మూడో వరసలో చాపల మీద కూర్చున్నారు. పైడిరాజు మెడలో బిళ్ళ ఏం ఊహిస్తోందో ఆయన ఫోనులో కనిపిస్తుంది. దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు.

నూకరత్నం తంబుర భుజానికెత్తుకుని, చేతి బొటనవేలికి తొడిగిన అందెలు ఘల్లుమనిపిస్తూ వచ్చింది. కుడిపక్క అప్పలస్వామి నిలబడ్డాడు. ఎడమపక్క పైడిరాజును కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బుర్రకథలో వంత కూర్చోవడం జనం ఎన్నడూ చూడలేదు. మైదానంలో గుసగుసలు పోయాయి. ముందు వరసలో ఒక ముసలామె, పాపం పైడిరాజు, అయిపోనాడు అని పైకే అంది.

కథ మొదలైంది. శారద ఏటికి వరద వచ్చింది. పైడిరాజు వంతు వచ్చినప్పుడల్లా బిళ్ళ తందాన తాన సరిగ్గా పలికింది. అవుననాల్సిన చోట అవునంది, భళా అనాల్సిన చోట భళా అంది. ముందూహ వాటన్నిటినీ ముందే దింపి పెట్టింది. జనం మంచివాళ్ళు, తలలూపారు. కాని ఎవరూ నవ్వలేదు. హాస్యం వంత నుంచి హాస్యం ఇంకా రాలేదు. పావుగంట అయింది. పైడిరాజు ఎడమచెయ్యి డక్కీ మీద కదలకుండా ఉంది. అది భయమని పరంజ్యోతికి ఇక్కడి నుంచే తెలుస్తోంది.

నూకరత్నానికి ఇంకా ముందే తెలిసి ఉండాలి. ఆమె కథ మధ్యలో ఆపేసింది. తంబుర మీట ఆపలేదు. గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఒక చుట్టు తిరిగి, మొగుడి ఎదుట నిలబడి, కథలో లేని మాట అడిగింది.

"ఏరా వంతా, ఏడు నెలలై మాటా లేదు పలుకూ లేదు. ఏటైపోనావురా?"

మైదానం బిగుసుకుపోయింది. ఇది పరిహాసమో కాదో ఎవరికీ తెలియలేదు. పరంజ్యోతి అరచేతిలో ముందూహ మాటలు సిద్ధం చేసి పెట్టింది. ఒంట్లో. బాగోలేదు. ఆసుపత్రి. అన్నీ వెచ్చగా, దూకడానికి కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి.

పైడిరాజు ఎడమచెయ్యి లేచింది. ఫోనులో మాటలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

డబ్. మొదటి దెబ్బ కొంచెం పలచగా పడింది. ఆ ముందు వరస ముసలామె నోటి దాకా తెచ్చుకున్న వేరుశనగపలుకును అక్కడే ఆపింది. డబ్. ఎక్కడో వెనక చెరుకు బండి మీద ఎవడో అప్పుడే కిసుక్కుమన్నాడు. వాడికి ఇంకా మాట అందనే లేదు. రెండు దెబ్బలే అందాయి. ఒకప్పుడు వాడి తండ్రికీ ముందు అవే అంది ఉంటాయి.

"నువ్వెప్పుడాగుతావా అని సూత్తన్నానే, ఫ్యాక్టరీ సైరనా."

మైదానం పగలబడింది. చెరుకు బళ్ళ మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. ముసలామె వేరుశనగపలుకులు ఒడిలోంచి రాలిపోయాయి. మెహర్ మోకాళ్ళలో తల పెట్టుకుని నవ్వుతోంది. పరంజ్యోతికి కళ్ళు తడిసి ఏమీ కనబడలేదు. ఫోను జేబులో వేసేసుకున్నాడు. ఇక అందులో చూసేదేముంది.

నవ్వు తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. అప్పలస్వామి తందాన తాన అని ఒకసారి అన్నాడు, రెండుసార్లు అన్నాడు. నూకరత్నం అందుకోలేదు. తంబుర భుజాన ఉండగానే కొంగుతో మొహం తుడుచుకుంది. కాలి గజ్జెలు సర్దుకుంది. సర్దుకోవాల్సినంత వదులేం కాలేదవి. పైడిరాజు ఆమె వంక చూస్తూ, తొందరేం లేదన్నట్టు డక్కీని మెల్లగా రుద్దుతూ కూర్చున్నాడు.

తరవాత ఆమె తల ఎత్తి, వరద నీళ్ళు ఊరి పొలిమేర తాకిన చోట, ఆపిన మాట దగ్గరి నుంచే కథ అందుకుంది.